భ్రమయుగం: నెల్లూరు, ఒంగోలు హాళ్ళలో మీకు ఏం కనిపించింది?

పెన్నాతీరం | 2024 ఫిబ్రవరి 25, ఆదివారం, రాత్రి 1:20

రెండో ఆట చూసి ఇప్పుడే ఇంటికి వచ్చాను. నిద్ర రావడం లేదు. కళ్ళు మూస్తే ఆ పాడుబడ్డ ఇల్లే కనిపిస్తోంది. మొన్న శుక్రవారం తెలుగులో వచ్చిన మమ్ముట్టి నలుపు తెలుపు సినిమా భ్రమయుగం గురించే చెబుతున్నాను.

మా ఆటకు నలభై మంది దాకా ఉన్నాం. విరామం తర్వాత చూస్తే పదిహేడు మందిమి మిగిలాం. మా ముందు వరుసలో ఒక పిల్లవాడు "నాన్నా, రంగు ఎప్పుడు వస్తుంది?" అని అడిగాడు. "వస్తుందిలే, పాతకాలం కథ కదా, ముందు ఇలా చూపిస్తారు" అని తండ్రి సర్దిచెప్పాడు. అరగంట గడిచాక ఆ తండ్రే లేచి ఆపరేటర్ గది వైపు తిరిగి "రంగు వేయండయ్యా" అని అరిచాడు. హాలంతా నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. అప్పుడు తెర మీద వాన పడుతోంది. చూరు నుంచి జారే నీళ్ళు తెల్లటి దారాల్లా ఉన్నాయి. వాటి వెనక నల్లటి నీడలో మమ్ముట్టి, ముఖం సగమే కనిపిస్తోంది. ఆ మిగతా సగంలో ఏముందో చూడాలని నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఒక సినిమా నన్ను అలా ముందుకు లాగి ఎన్నాళ్ళయిందో!

మీ ఊళ్ళో ఎలా చూశారు? మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళు కూడా చెప్పండి. నిజానికి వాళ్ళ మాటే నాకు ఎక్కువ కావాలి. ముగింపు మాత్రం ఎవరూ బయటపెట్టకండి.


ట్రంకురోడ్డు | ఆదివారం, ఉదయం 7:45

లేచి వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకడిని. అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. నాకు బట్టల దుకాణం ఉంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే ఉంటాను. వారానికి ఒక్క రాత్రి మాది అనుకుని నలుగురం వెళ్ళాం. తెర మీద ఏముందో పోల్చుకోవడానికే కళ్ళు నొప్పి పుట్టాయి. ఒక మనిషి నడుస్తున్నాడు. అది అడవో, పెరడో, ఇంటి లోపలో తెలియదు. మా ఆవిడ "కరెంటు తక్కువగా వస్తోందేమో" అంది.

నలుపు తెలుపు అయినందుకు నాకు కోపం లేదు. మాయాబజార్ ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అదీ నలుపు తెలుపే. అందులో నగల మీది పనితనం కూడా కనిపిస్తుంది. ఇందులో మనిషి ముఖమే కనిపించకపోతే ఆయన నటన గొప్పదని నేనెలా ఒప్పుకోవాలి? కనిపించకపోవడమే కళ అంటే, డబ్బు పెట్టి వచ్చినవాణ్ణి చిన్నచూపు చూసినట్టే నాకు అనిపిస్తుంది.


కావలి ప్యాసింజరు | ఆదివారం, ఉదయం 8:30

మా ఆటలోనూ సగం మంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మాత్రం సినిమా అయిపోయి లైట్లు వేశాక కూడా కాసేపు కదలలేదు. అలా కూర్చున్న జనాన్ని నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.


సముద్రపుగాలి | ఆదివారం, ఉదయం 10:05

మాది కొత్తపట్నం. ఒంగోలులో చూశాం, నేనూ మా అమ్మా. అమ్మకు డెబ్బై దాటాయి. ఇది భయపెట్టే సినిమా అని ముందే చెప్పాను. "నేను చూడని భయమా" అని బయలుదేరింది.

మొదలైన కాసేపటికి నా చెవిలో "ఈ ఇంట్లో ఆడదిక్కు లేదే" అంది. అప్పటిదాకా నేను గమనించనే లేదు. నిజమే, యజమాని, వంటవాడు, దారి తప్పి వచ్చిన పాటగాడు, ముగ్గురూ మగవాళ్ళే. అమ్మ ఇంకా చెబుతూనే ఉంది. "పొయ్యి చూడు, అలికిన పొయ్యి కాదు అది. ఆ వాకిట్లో ఎవరైనా చీపురు పట్టి ఎన్నేళ్ళయిందో" అని. ఆమెకు దయ్యం కంటే ముందు ఆ ఇల్లు కనిపించింది. దర్శకుడు ఏం చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు కానీ, ఆ ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందని మా అమ్మ పొయ్యిని చూసి పట్టేసింది.

బస్సులో వస్తూ ఒక సంగతి చెప్పింది. పొదిలి వైపు పల్లెలో మా ముత్తాతగారి ఇల్లు ఉండేదట. అన్నదమ్ములు వేరుపడ్డాక అందులో ఎవరూ ఉండలేదు. పండుగ రోజుల్లో అమ్మను దీపం పెట్టి రమ్మని పంపేవారట. "బుడ్డీ పట్టుకుని లోపలికి వెళితే మన నీడ మనకంటే ముందే గోడెక్కేది. దీపం ఉన్నచోట ఇంత వెలుతురు, దాని చుట్టూ ఏముందో దేవుడికే తెలియాలి. ఈ సినిమాలో చీకటి సరిగ్గా అలాగే ఉంది" అంది. కరెంటు రాకముందు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. మనకే కొత్త.

ఇంకొక మాట, మాకు ముఖాలు బాగానే కనిపించాయి. ట్రంకురోడ్డు గారికి ఎందుకు కనిపించలేదో నాకు అర్థం కాలేదు.


ప్రొజెక్షన్‌గది | ఆదివారం, మధ్యాహ్నం 2:40

ట్రంకురోడ్డు గారూ, మీరు ఏ హాలులో చూశారో చెప్పకండి, నేనూ అడగను. కానీ మీ ఇంట్లో వారు "కరెంటు తక్కువ" అన్నారు చూడండి, ఆ మాట నిజానికి చాలా దగ్గరగా ఉంది. పాతికేళ్ళుగా ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ప్రొజెక్టరులో వెలుతురు కోసం కాల్చే కార్బన్ కడ్డీల చివరి రోజులు చూశాను, రీళ్ళు మార్చాను. ఇప్పుడు బొమ్మ హార్డ్ డిస్కులో వస్తుంది, దాన్ని తెరిచే తాళం వేరే ఫైలుగా వస్తుంది. అయినా తెర మీద పడాల్సింది మాత్రం అప్పుడూ ఇప్పుడూ వెలుతురే.

డిజిటల్ సినిమాకు తెర మధ్యలో 14 ఫుట్-లాంబర్టుల (తెర వెలుతురుకు కొలమానం) వెలుతురు ఉండాలని ప్రమాణం. చాలా హాళ్ళలో జెనాన్ దీపం వాడతారు. కొత్తదిగా ఉన్నప్పుడు బాగా వెలుగుతుంది, గంటలు గడిచేకొద్దీ మందగిస్తుంది. కొత్త దీపం ఖరీదు కాబట్టి కొందరు దాన్ని మార్చే గడువు దాటినా నడుపుతారు. ఇంకా కొన్నిచోట్ల మొదటి నుంచే కరెంటు తగ్గించి వెలిగిస్తారు, ఎక్కువ కాలం వస్తుందని. త్రీడీ సినిమా ఆడిన తర్వాత లెన్సు ముందు ఉండే ఫిల్టరు తీయడం మరిచిపోతే సగానికి పైగా వెలుతురు అక్కడే పోతుంది. గదికీ హాలుకీ మధ్య అద్దం మీద దుమ్ము సంగతి సరేసరి.

రంగుల సినిమాకు ఈ లోటు అంతగా తెలియదు. ఎర్ర చీర, పచ్చ చెట్టు ఒకే మసకలో ఉన్నా రంగు తేడా వల్ల కన్ను వాటిని విడదీస్తుంది. నలుపు తెలుపులో ఆ సాయం లేదు. వెలుతురులో తేడా ఒక్కటే ఆధారం. ముదురు బూడిద రంగు గోడ ముందు ఇంకొంచెం ముదురు బూడిద రంగు మనిషి నిలబడితే, దీపం మందంగా ఉన్న హాలులో రెండూ ఒకటే ముద్ద అవుతాయి. గోడ గోడగా, మనిషి మనిషిగా కనిపించాలని ఆ ఛాయాగ్రాహకుడు ఎంతో కష్టపడి ఉంటాడు. ఆ కష్టాన్ని మన దీపం మింగేస్తుంది.

మరో సంగతి కూడా ఉంది. ఇప్పటి ప్రొజెక్టర్లలో చాలావాటి లోపల లక్షల కొద్దీ చిన్న చిన్న అద్దాలు ఉంటాయి. మామూలు 2కె యంత్రంలో అడ్డంగా 2048, నిలువుగా 1080. తెల్లగా కావాల్సిన చోట అద్దం వెలుతురును తెర మీదికి పంపుతుంది, నల్లగా కావాల్సిన చోట పక్కకు తిప్పేస్తుంది. తిప్పినా కొంచెం చిందుతుంది. అందుకే తెర మీద నలుపు ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. దానికి తోడు తలుపు తీసినప్పుడల్లా బయటి వెలుతురు, ఫోన్ల వెలుతురు వచ్చి పడుతుంటే ఇక మిగిలేదేముంది?

ఇది మీ తప్పు కాదు. సినిమా తప్పని కూడా నేను అనలేను.


ట్రంకురోడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 3:15

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు అన్నా. నాకు ఒక్కటే సందేహం. మరి అదే హాలులో మాయాబజార్ వేస్తే అదీ ఇలాగే కనిపిస్తుందా?


ప్రొజెక్షన్‌గది | ఆదివారం, మధ్యాహ్నం 3:50

మంచి ప్రశ్న. కొంత మసకబారుతుంది కానీ ఇంత నష్టం జరగదు. 1957లో ఫిల్ముకు వెలుతురును పట్టే శక్తి తక్కువ. అందుకని సెట్టు నిండా పెద్ద పెద్ద దీపాలు కుమ్మరించేవారు. ఆ సినిమాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఆయన వెన్నెల చూపించినా అందులో మనుషుల ముఖాలు నిండుగా వెలుగుతూ ఉంటాయి. ఇప్పటి కెమెరాలు చాలా తక్కువ వెలుతురులోనూ బొమ్మ పడతాయి. అందుకే ఇప్పటివాళ్ళు చీకటి అంచుల దాకా వెళ్ళగలుగుతున్నారు. అక్కడిదాకా వెళ్ళిన సినిమాకు హాలు కూడా తోడు రావాలి.

మీరు దీన్ని ఇంకో హాలులో, మధ్య వరుసలో మధ్య కుర్చీలో కూర్చుని చూడండి. త్రీడీ కోసం వెండి పూత తెర వేసినచోట పక్క కుర్చీలకు వెలుతురు తక్కువగా వస్తుంది. చూశాక కూడా నచ్చలేదంటే నేను ఇంకేమీ మాట్లాడను.


సూళ్ళూరుపేట దారి | ఆదివారం, సాయంత్రం 5:10

మా దగ్గర పెద్ద తెర ఉంది కదా, 2019 ఆగస్టులో తెరిచారు, దగ్గర దగ్గర వంద అడుగుల వెడల్పు. అలాంటి చోట వేస్తే ఆ ఇల్లు ఎంత భయంగా ఉంటుందో! మా ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళిపోయింది కానీ సినిమాల విషయంలో నేను ఇంకా నెల్లూరు వాణ్ణే.


చీమకుర్తి నలుపు | ఆదివారం, రాత్రి 9:30

నేను ఎక్కువగా రాసేవాణ్ణి కాదు. కానీ నలుపు గురించి మాట్లాడుతుంటే ఊరుకోలేకపోయాను.

నాది చీమకుర్తి, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని. మా గెలాక్సీ రాయి మీకు తెలుసు, నల్లటి రాయిలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయి. బయటివాళ్ళకు అన్ని పలకలూ ఒకటే నలుపు. మాకు అలా కాదు. కోసిన పలక పొడిగా ఉన్నప్పుడు బూడిద రంగులో ఉంటుంది, పనికిరాని బండలా కనిపిస్తుంది. దాని మీద నీళ్ళు చల్లగానే నలుపు లోతుకు దిగుతుంది. పాలిషు ఎక్కేకొద్దీ ఆ లోతు నిలిచిపోతుంది. చివర్లో ట్యూబులైటు కింద పలకకు ఎదురుగా నిలబడి తల కొంచెం అటూ ఇటూ కదిపి చూస్తాం. ఒక కోణంలో ఏమీ ఉండదు. ఇంకో కోణంలో చుక్కలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. ఎక్కడైనా పాలిషు తక్కువైతే అక్కడ నలుపు చచ్చిపోయినట్టు ఉంటుంది. "ఇక్కడ చచ్చింది, మళ్ళీ వేయి" అంటాం.

ఈ సినిమాలో నాకు అన్ని నలుపులూ కనిపించాయి. మసి పట్టిన దూలం నలుపు, తడిసిన మట్టి నలుపు, వాన నీళ్ళు నిలిచిన రాతి మెట్టు నలుపు, మమ్ముట్టి గడ్డం నలుపు. తడి నలుపు వేరు, మసి నలుపు వేరు. ఒక్క చోట కూడా నలుపు చచ్చిపోలేదు. ఎవరు తీశారో వాళ్ళు మా పనివాళ్ళలాగే తల అటూ ఇటూ కదిపి చూసి ఉంటారని అనిపించింది. నాతో వచ్చిన కుర్రాళ్ళు ఇద్దరు పడుకున్నారు. వాళ్ళను నేను తప్పుపట్టను, ఎనిమిది గంటలు మిషను దగ్గర నిలబడి వచ్చారు. నాకు మాత్రం అలసట గుర్తు రాలేదు.


పెన్నాతీరం | ఆదివారం, రాత్రి 10:00

చీమకుర్తి అన్నా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. "నలుపు చచ్చిపోలేదు" అన్న మాట నేను వెతుక్కుంటున్న మాట.


కాకుటూరు | సోమవారం, ఉదయం 9:15

యూనివర్సిటీ హాస్టల్ నుంచి పదకొండు మందిమి వెళ్ళాం. కొందరు వివరాలు అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. దర్శకుడు రాహుల్ సదాశివన్, ఛాయాగ్రహణం షెహనాద్ జలాల్, సంగీతం క్రిస్టో జేవియర్. మలయాళంలో ఫిబ్రవరి 15న వచ్చింది, తెలుగులో 23న. కథ పదిహేడవ శతాబ్దపు మలబారులో జరుగుతుంది. మమ్ముట్టి పాత్ర పేరు మొదట కుంజమన్ పొట్టి. ఒక కుటుంబం అభ్యంతరం చెప్పి కోర్టుకు వెళ్ళడంతో కొడుమన్ పొట్టి అని మార్చారు. మా ఆటలో "పొట్టి" అనగానే కొందరు నవ్వారు. అది కేరళలో ఒక బ్రాహ్మణ వర్గాన్ని పిలిచే పేరు, మన మాటతో సంబంధం లేదు.

నాకు ఈ చర్చలో ఒక లోటు కనిపిస్తోంది. అందరూ వెలుతురు గురించి మాట్లాడుతున్నారు. ఆ వెలుతురు ఎవరి మీద పడుతోందో మాట్లాడడం లేదు. తేవన్ పాణన్ కులం వాడు, పాటలు పాడి బతికే మనిషి. బానిసత్వం తప్పించుకుని పారిపోయి వచ్చాడు. పెద్దాయన అతని పాట విని మెచ్చుకుంటాడు, అతిథి అంటాడు, తిండి పెడతాడు. ఆ మెప్పు విని తేవన్ ముఖం వెలిగిపోతుంది. నా గుండె అక్కడే జారింది. పాట మెచ్చినవాడు మనిషిని వదిలిపెడతాడని ఏముంది? తర్వాత పాచికల ఆట. ఓడేది ఎవరో ఆట మొదలు కాకముందే తెలిసిపోతుంది, ఎందుకంటే పాచికలు ఆయనవి, ఇల్లు ఆయనది, నియమాలు ఆయనవి. మా తాత ఒక పెద్దరైతు దగ్గర జీతగాడుగా ఉండేవాడు. ఎంత పని చేసినా బాకీ తీరేది కాదని చెప్పేవాడు. నేను ఆ హాలులో చూసింది ఆ బాకీనే. దయ్యం కథ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.


నిర్వాహకుడు | సోమవారం, ఉదయం 9:40

ముగింపు చెప్పిన ఒక వ్యాఖ్యను తీసేశాను. దయచేసి ఇంకా చూడనివారిని దృష్టిలో పెట్టుకోండి.


చెన్నైలో నెల్లూరు | సోమవారం, ఉదయం 11:20

నేను చెన్నైలో మలయాళంలోనే చూశాను. హాలు నిండింది, చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. మీరు రాసినవి చదువుతుంటే బాధగా ఉంది. రంగు వేయండి అని అరవడం, ఫోను లైట్లు వేయడం! మన నెల్లూరు, ప్రకాశం జనానికి ఇలాంటివి ఎక్కవు. పాటలు, ఫైట్లు ఉంటేనే వెళతారు. పంపిణీదారులు ఇకమీదట ఇలాంటి సినిమాలు మన వైపు పంపకపోతే తప్పు ఎవరిది?


పెన్నాతీరం | సోమవారం, మధ్యాహ్నం 12:05

ఈ మాట నేను ఒప్పుకోలేను. బాధతో అన్నారని తెలుసు, అయినా ఒప్పుకోలేను. ఈ చర్చ పైనుంచి చదవండి. డెబ్బై ఏళ్ళ పల్లెటూరి తల్లి ఇంటి పొయ్యిని చూసి కథ పట్టింది. రాళ్ళకు పాలిషు వేసే అన్న నలుపులో నలుపులు విడదీశాడు. హాస్టల్ కుర్రవాడు తాత బాకీని గుర్తుపట్టాడు. వీళ్ళు ఏ జిల్లా జనం? ఒక హాలులో ఒక తండ్రి అరిచినంత మాత్రాన రెండు జిల్లాలకూ రుచి లేదంటే ఎలా? ఆ తండ్రికి ఎవరైనా ముందుగా చెప్పారా, ఇది మొదటి నుంచి చివరి దాకా నలుపు తెలుపే అని? పోస్టరు మీద ముఖం, టికెట్ కౌంటర్ దగ్గర ధర తప్ప ఇంకేముంది? చెన్నైలో మీతో కూర్చున్నవాళ్ళు ఏం చూడబోతున్నారో తెలుసుకుని వచ్చినవాళ్ళు. తేడా అక్కడుంది.


ఉదయగిరి కోట | సోమవారం, మధ్యాహ్నం 1:30

సింగీతం శ్రీనివాసరావు గారు పుట్టింది మా ఉదయగిరిలో. 1987లో ఒక్క మాట లేకుండా పూర్తి సినిమా తీశారు, పుష్పక విమానం. మాటలు లేవని మన వైపు ఎవరూ పారిపోలేదు. రంగులు లేవని పారిపోయేవాళ్ళం కాదు మేము.


చెన్నైలో నెల్లూరు | సోమవారం, మధ్యాహ్నం 2:10

సరే, తొందరపడ్డాను. పుట్టిన ఊరి గురించి అలా రాసి ఉండకూడదు. ఫోను లైట్ల మీద మాత్రం నా మాట వెనక్కి తీసుకోను.


కావలి ప్యాసింజరు | సోమవారం, మధ్యాహ్నం 2:25

ఫోను లైట్ల విషయంలో మీతోనే ఉన్నాను.


మూలాపేట మాస్టారు | సోమవారం, రాత్రి 8:45

నేను ఇంకా సినిమా చూడలేదు. చదువుతూ కూర్చున్నాను. చీకట్లో బొమ్మలు చూడడం మనకు చేతకాదా అన్న దగ్గర నాకు చిన్నప్పటి తోలుబొమ్మలాట గుర్తొచ్చింది.

మాది పెన్న ఒడ్డు పల్లె. శివరాత్రి వెళ్ళాక బొమ్మలవాళ్ళు బండి కట్టుకుని వచ్చేవారు. ఊరి బయట రాటలు పాతి తెల్లటి పంచె బిగించి కట్టేవారు. వెనక ఆముదం దీపాలు. మేక తోలును కాగితం కంటే పల్చగా గీకి, దానికి రంగులు అద్ది, చుక్క చుక్కకూ సన్నటి రంధ్రం పొడిచేవారు. బొమ్మను తెరకు ఆనించి పెడితే అంచులు కత్తిలా పదునుగా పడేవి. కొంచెం వెనక్కి లాగితే బొమ్మ పెద్దదై మసకబారిపోయేది. రావణుడు కోపంతో వచ్చే ఘట్టంలో ఆ బొమ్మలాయన ముందు తెర నిండా మసక నీడ వేసేవాడు. ఏమిటో తెలియదు. పిల్లలం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకునేవాళ్ళం. తర్వాత మెల్లగా బొమ్మను తెరకు తెచ్చి ఆనించేవాడు. పది తలలు ఒక్కొక్కటే తేలి వచ్చేవి. ఆ ఆలస్యమే భయం. మధ్యలో భయం తీర్చడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకునేవారు, అందరం పగలబడి నవ్వేవాళ్ళం, మళ్ళీ చీకటి.

తెల్లవారేదాకా కూర్చునేవాళ్ళం. ఎవరూ లేచి వెళ్ళేవారు కాదు. అయితే ఒకటి ఉంది. కథ మాకు ముందే తెలుసు. తెలిసిన కథను చీకట్లో చూడడం వేరు, తెలియని కథను చీకట్లో చూడడం వేరు. ట్రంకురోడ్డు అబ్బాయి పడ్డ ఇబ్బందిలో అది కూడా ఉందేమో ఆలోచించండి. ఆయనకు దారి చూపించేవాడు ఎవరూ లేరు. మా బొమ్మలాయన పక్కన హార్మోనియం పెట్టుకుని పాడుతూ, ఎవరు ఎవరో చెబుతూ నడిపించేవాడు.

నాకు కంటిలో శుక్లాలు తీయించుకుని రెండు నెలలే అయింది. ఈ సినిమా చూడవచ్చా అని డాక్టరును అడిగి వెళతాను.


ట్రంకురోడ్డు | సోమవారం, రాత్రి 10:50

మాస్టారూ, మీరు నన్ను అర్థం చేసుకున్నారు. అందుకే ఒక నిర్ణయం తీసుకున్నాను. రేపు మధ్యాహ్నం దుకాణం మా తమ్ముడికి అప్పజెప్పి ఇంకో హాలుకు ఒక్కణ్ణే వెళతాను. ప్రొజెక్షన్ అన్న చెప్పినట్టు మధ్య కుర్చీ తీసుకుంటాను. చూసింది చూసినట్టు రాస్తాను, ఎవరి మొహమాటానికీ కాదు.


ట్రంకురోడ్డు | మంగళవారం, సాయంత్రం 6:20

చూసి వచ్చాను.

మొదటి మాట: శనివారం నేను చూసింది ఈ సినిమా కాదు. అడవి అడవిలా ఉంది. ఆకు మీద నీటిబొట్టు కనిపించింది. ఆరోజు ఒక మనిషి నడుస్తున్నాడు, ఎక్కడో తెలియదు అన్నాను చూడండి, అది పొడవాటి వసారా. స్తంభాలు వరుసగా ఉన్నాయి, అతను ఒక్కో స్తంభం దాటినప్పుడల్లా ముఖం కనిపించి మాయమవుతుంది. శనివారం నాకు ఒక్క స్తంభం కూడా కనిపించలేదు. నాకు కోపం వచ్చింది. సినిమా మీద కాదు. నలుగురి టికెట్ డబ్బులు తీసుకుని సగం బొమ్మ చూపించారని.

మమ్ముట్టి కళ్ళు. దుకాణంలో రోజుకు వందల ముఖాలు చూస్తాను, కొనేవాడెవడో, బేరమాడి వెళ్ళిపోయేవాడెవడో కళ్ళను బట్టే తెలుస్తుంది. ఈయన కళ్ళు నాకు అంతు చిక్కలేదు. నవ్వుతున్నప్పుడు ఆ కళ్ళు నవ్వవు. తేవన్ సంగతి మరిచిపోయి ఆ పెద్దాయన నన్నే లెక్క కడుతున్నట్టు అనిపించింది.

రెండో మాట: విరామం తర్వాత ఇప్పటికీ సాగదీతగానే ఉంది. అది వెలుతురు లోపం కాదు. ఒకే ఇంట్లో ముగ్గురే తిరుగుతుంటే, తలుపు మూయడం, తీయడం, మళ్ళీ మూయడం, నాకు రెండుసార్లు గడియారం చూడాలనిపించింది. దాన్ని గొప్ప అనమంటే అనను.

కాకుటూరు తమ్ముడు చెప్పిన పాచికల ఆట మాత్రం ఇంకా తల నుంచి పోలేదు. దుకాణానికి వచ్చి తమ్ముడి దగ్గర లెక్క చూసుకుంటూ ఉంటే, గుమాస్తాగా పనిచేసే కుర్రవాడు అడ్వాన్సు అడిగాడు. మామూలుగా అయితే పాత బాకీ గుర్తుచేసేవాణ్ణి. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు. ఇచ్చేశాను.


కాకుటూరు | మంగళవారం, సాయంత్రం 6:45

అన్నా.


చీమకుర్తి నలుపు | మంగళవారం, రాత్రి 9:10

విరామం తర్వాత సాగదీత అన్నది నిజమే. నాకు నలుపు చాలింది కాబట్టి తెలియలేదు.


ప్రొజెక్షన్‌గది | మంగళవారం, రాత్రి 11:55

ఆఖరి ఆట ముగించి రాస్తున్నాను. ట్రంకురోడ్డు గారు రాసింది మా మేనేజరు గారికి చదివి వినిపించాను. ఎక్కడ చూశారో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు, మాది కావచ్చు, కాకపోవచ్చు. అయినా "ఒకసారి మీటరు తెప్పించి కొలుద్దాం" అన్నారు. ఈ పాతికేళ్ళలో ఒక ప్రేక్షకుడు రాసినదాని వల్ల కొలత మాట వినడం ఇదే మొదటిసారి.

ఇంకో సంగతి. శుక్రవారం కొత్త సినిమాలు వస్తున్నాయి. భ్రమయుగం నాకు తెలిసినంతవరకు నెల్లూరులో గురువారం సాయంత్రం ఆటతో ఆఖరు. బుకింగులు తక్కువగా ఉన్నాయి. జనం మరీ లేకపోతే ఆ ఆట కూడా ఆపేస్తారు.


సముద్రపుగాలి | బుధవారం, ఉదయం 6:30

అమ్మ రెండోసారి చూస్తానంటోంది. ఒంగోలులో నిన్ననే తీసేశారు. నెల్లూరు రావాలంటే మధ్యాహ్నం రైలెక్కాలి, తిరిగి వెళ్ళేసరికి అర్ధరాత్రి అవుతుంది. అయినా వస్తానంటోంది.


మూలాపేట మాస్టారు | బుధవారం, ఉదయం 7:00

డాక్టరుగారు చూడవచ్చన్నారు. అమ్మగారిని తీసుకురండి. రాత్రికి మా ఇంట్లో ఉండవచ్చు, మా ఇంటావిడ చేపల పులుసు పెడతానంటోంది. పొద్దున్నే రైలుకు నేను దిగబెడతాను.


పెన్నాతీరం | బుధవారం, ఉదయం 7:20

గురువారం సాయంత్రం ఆట. మధ్య వరుస మొత్తం ఇంకా ఖాళీగానే ఉంది. టికెట్లు నేను తీస్తున్నాను, ఎన్ని కావాలో చెప్పండి.


సముద్రపుగాలి | బుధవారం, ఉదయం 7:24

రెండు.


కాకుటూరు | బుధవారం, ఉదయం 7:31

హాస్టల్ నుంచి నలుగురం.


ట్రంకురోడ్డు | బుధవారం, ఉదయం 7:50

మా ఆవిడకు ఒకటి. ఆమె ఇంకా అసలు సినిమా చూడలేదు. నాకు కూడా ఒకటి తీయండి.